ప్రభుత్వ ధనం – సంఘ శిక్షణాలయం: ఇంగ్లండు నుండి సూరత్ వరకు ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మన సంఘాల చరిత్రలో గుడి, బడి పక్కపక్కనే పెరిగాయి. బడి నడవాలంటే ఉపాధ్యాయుడు కావాలి. ఉపాధ్యాయుడు తయారు కావాలంటే శిక్షణాలయం కావాలి. శిక్షణాలయం నడవాలంటే ధనం కావాలి. ఆ ధనం ప్రభుత్వం నుండి వచ్చినప్పుడు సంఘం ఏమి పొందింది, ఏమి వదులుకుంది అనేదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

గ్రాంటు అనగానే మనలో కలిగే మొదటి భయం బోధను గురించినది: బైబిలు పాఠం చెప్పనిస్తారా, లేదా? అయితే చరిత్రను చూస్తే, అతి తీవ్రమైన పోరాటం మరొక ప్రశ్న దగ్గర జరిగినట్లు తెలుస్తుంది. శిక్షణాలయంలో ఎవరిని చేర్చుకోవాలి? ఆ నిర్ణయం ఎవరిది? ఈ ప్రశ్న ఇంగ్లండులో 1908 నాటికి ఒక విధంగా, మన దేశంలో 1962లో మరొక విధంగా తేలింది. ఈ తేడాకు కారణం ఏమిటో గ్రహించడం నేటి సంఘ నాయకులకు అవసరం.

1. ఇంగ్లండులో తొలి గ్రాంట్లు

బ్రిటిష్ పార్లమెంటు 1833లో పేదల బడుల నిర్మాణానికి 20,000 పౌన్లు మంజూరు చేసింది. ఈ సొమ్ము రెండు సంస్థల ద్వారా ఖర్చయింది. మొదటిది ఆంగ్లికన్ సంఘానికి చెందిన నేషనల్ సొసైటీ. రెండవది నాన్‌కన్ఫర్మిస్టుల, అనగా ఆంగ్లికన్ సంఘానికి వెలుపలనున్న ప్రొటెస్టెంటుల, ఆదరణ పొందిన బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీ.

నేషనల్ సొసైటీ బడులు అనుసరించిన బోధనా పద్ధతి మద్రాసులో పుట్టినది కావడం గమనార్హం. ఆండ్రూ బెల్ అనే చాప్లిన్ ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమంలో 1789 నుండి పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు పాఠాలు చెప్పించాడు. ఖర్చు తక్కువ గనుక ఈ పద్ధతి ఇంగ్లండులో వేగంగా వ్యాపించింది. కాని పిల్లవాడు పిల్లవాడికి చెప్పగలిగిన చదువు ఎంత? శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావాలనే అభిప్రాయం క్రమంగా బలపడింది.

1839లో ఏర్పడిన ప్రభుత్వ విద్యా కమిటీకి జేమ్స్ కే (తరువాతి కాలంలో కే-షటిల్‌వర్త్) కార్యదర్శి అయ్యాడు. ప్రభుత్వమే ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను స్థాపించాలనీ, అందులో అన్ని శాఖల వారికి సామాన్యమైన మతబోధ ఉమ్మడిగాను, శాఖల ప్రత్యేక బోధ వేరుగాను జరగాలనీ ప్రతిపాదించారు. ఆంగ్లికన్ బిషప్పులు దీనిని గట్టిగా ఎదిరించారు. కొద్ది నెలల్లోనే ప్రభుత్వం ఆ ప్రణాళికను విరమించుకొని, అందుకు ఉద్దేశించిన 10,000 పౌన్లను పై రెండు సొసైటీలకు పంచింది. ఈ విధంగా ఉపాధ్యాయ శిక్షణ సంఘాల చేతికి వచ్చింది. కే 1840లో ఒక మిత్రునితో కలిసి సొంత ఖర్చుతో బాటర్సీలో ప్రారంభించిన శిక్షణాలయం కూడ 1843లో నేషనల్ సొసైటీకి చేరింది.

2. సహాయం ఆధారంగా మారిన విధం

1846 నాటి నిబంధనలు ఈ ఏర్పాటుకు స్థిరమైన రూపమిచ్చాయి. పదమూడేళ్ల విద్యార్థిని ఐదేళ్లపాటు బడిలో విద్యార్థి-ఉపాధ్యాయునిగా ఉంచి, ఏడాదికి 10 పౌన్లతో మొదలుపెట్టి 20 పౌన్ల వరకు ప్రభుత్వం చెల్లించేది. పరీక్షలో నెగ్గినవారు రాణి స్కాలర్‌షిప్పుతో శిక్షణాలయంలో చేరేవారు. అక్కడ ఒక్కొక్క విద్యార్థికి మొదటి, రెండవ, మూడవ సంవత్సరాలకు వరుసగా 20, 25, 30 పౌన్లు శిక్షణాలయానికి ముట్టేవి. పేదల బిడ్డలకు ఇది గొప్ప ద్వారం. ఈ మేలును తక్కువ చేసి చెప్పకూడదు.

అందరూ ఈ సహాయాన్ని స్వీకరించలేదు. మతబోధతో కూడిన విద్యకు ప్రభుత్వ ధనం పుచ్చుకోవడం మనస్సాక్షికి విరుద్ధమని కాంగ్రిగేషనలిస్టులు భావించి, హోమర్టన్ శిక్షణాలయాన్ని విశ్వాసుల చందాలతోనే నడిపారు. ఆ పక్షానికి ప్రధాన వక్త అయిన లీడ్స్ నగర వాసి ఎడ్వర్డ్ బేన్స్, కేవలం చందాలతో ఈ పని సాగదని 1867లో బహిరంగంగా ఒప్పుకొన్నాడు.

స్వీకరించినవారికి మరొక విధమైన పాఠం ఎదురైంది. 1862లో రాబర్ట్ లోవ్ తెచ్చిన సవరించిన నిబంధనావళి గ్రాంటును ఫలితాలకు ముడిపెట్టింది. శిక్షణాలయాలకు ముందుగా వచ్చే సొమ్ము ఆగిపోయింది. శిక్షణ ముగించి, బడిలో పనిచేసి యోగ్యతాపత్రం పొందిన పురుషునికి 100 పౌన్లు, స్త్రీకి 70 పౌన్లు చొప్పున ఆ తరువాతనే చెల్లించేవారు. మొత్తం గ్రాంటు శిక్షణాలయ వ్యయంలో 75 శాతానికి మించరాదని కూడ విధించారు. ఒక్క నిబంధన మారగానే శిక్షణాలయాలు ఇబ్బందుల్లో పడ్డాయంటే, సహాయంగా మొదలైన ధనం అప్పటికే ఆధారంగా మారిందన్న మాట.

3. ద్వారం దగ్గర వివాదం

ఖర్చులో నాలుగింట మూడు వంతుల వరకు ప్రజల పన్నుల నుండి వస్తున్నా, ప్రవేశాన్ని నిర్ణయించేది సంఘమే. 1870 విద్యా చట్టంతో బోర్డు బడులు వెలసిన తరువాత ఇది స్పష్టమైన అన్యాయంగా కనబడింది. ఆ బడులలో తయారైన నాన్‌కన్ఫర్మిస్టు యువతీయువకులకు ఆంగ్లికన్ శిక్షణాలయాలలో చోటు దొరకడం కష్టం. దేశంలో ఎక్కువ సీట్లు ఉన్నవి అక్కడే. క్రాస్ కమిషన్ విచారణ తరువాత 1890లో విశ్వవిద్యాలయ కళాశాలలకు అనుబంధంగా పగటి శిక్షణాలయాలు ప్రారంభమై కొంత ఉపశమనం కలిగించాయి.

1907లో ప్రభుత్వం, గ్రాంటు పొందే శిక్షణాలయం ఏదీ మత కారణంగా అభ్యర్థిని నిరాకరించరాదని ఆదేశించింది. సంఘాలు నిరసన తెలిపాయి. 1908లో ఆ నియమాన్ని సగం సీట్లకు పరిమితం చేస్తూ రాజీ కుదిరింది.

4. మన దేశానికి వచ్చిన విధానం

ఈ గ్రాంటు విధానం ఇంగ్లండులో ఆగలేదు. 1854లో చార్లెస్ వుడ్ పేరిట వెలువడిన విద్యా పత్రం, బ్రిటన్‌లో అమలులోనున్న గ్రాంట్లను, విద్యార్థి-ఉపాధ్యాయ పద్ధతిని, శిక్షణ పాఠశాలలను భారతదేశంలో నెలకొల్పమని సూచించింది. ప్రభుత్వం మతబోధ జోలికి పోదని, లౌకిక విద్య నాణ్యతను మాత్రమే పరీక్షిస్తుందని అందులో నియమం. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ప్రారంభమైంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నందున ఇక్కడి మిషను బడులు కూడ ఈ గ్రాంటు నిబంధనల పరిధిలోకి వచ్చాయి.

ఒక విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన పల్లెలలో మిషను టీచరు చాలా చోట్ల సంఘ బోధకుడు కూడ. పగలు పలకా బలపం, సాయంకాలం ప్రార్థన. కనుక టీచరు శిక్షణలో ఎవరు చేరతారన్నది సంఘ పరిచర్యలో ఎవరు నిలుస్తారన్న ప్రశ్న కూడ అయింది.

5. సూరత్ శిక్షణాలయం కేసు

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది. గుజరాత్, కాఠియవాడ్ ప్రెస్బిటేరియన్ జాయింట్ బోర్డు 42 ప్రాథమిక పాఠశాలలను, వాటికి ఉపాధ్యాయులను తయారుచేసేందుకు సూరత్‌లో ఒక శిక్షణాలయాన్ని నడుపుతూ ఉండేది. ఐరిష్ ప్రెస్బిటేరియన్ మిషను విరాళాలు, ఫీజులు, ప్రభుత్వ గ్రాంటు దీనికి ఆధారం. ఇతర మతస్థులకు ప్రవేశం నిరాకరించేవారు కాదు.

1955లో అప్పటి బొంబాయి ప్రభుత్వం, ప్రైవేటు శిక్షణాలయాలలో 80 శాతం సీట్లను స్థానిక పాఠశాల బోర్డుల ఉపాధ్యాయులకు కేటాయించాలని ఉత్తర్వు చేసింది. పాటించకపోతే గ్రాంటు, గుర్తింపు పోతాయని హెచ్చరించింది. అలా జరిగితే బోర్డుకు తన సొంత బడుల కోసం మిగిలేది ఐదింట ఒక వంతు మాత్రమే. గుర్తింపు పోతే శిక్షణ పొందినవారి చదువుకే విలువ ఉండదు.

రెవరెండ్ సిద్ధజ్‌భాయ్ సభాయ్, తదితరులు కోర్టును ఆశ్రయించారు. 1962 మే నెలలో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వారి పక్షాన తీర్పు చెప్పింది. విద్యా ప్రమాణాలను కాపాడే నియమాలు ప్రభుత్వం విధించవచ్చు. అయితే ఆ నియమాలు సమంజసమైనవిగాను, ఆ సంస్థను అల్పసంఖ్యాకులకు మరింత ప్రయోజనకరమైన విద్యాలయంగా చేసేవిగాను ఉండాలి. గ్రాంటు ఆపుతామని బెదిరించి రాజ్యాంగం 30(1) అధికరణం ఇచ్చిన హక్కును వదులుకొమ్మనడం చెల్లదు.

6. రెండు తీర్మానాల మధ్య తేడా

ఇంగ్లండులో ద్వారం సగం తెరవవలసి వచ్చింది. సూరత్‌లో ద్వారంపై అధికారం సంఘానికే దక్కింది. ఇవి పరస్పర విరుద్ధాలా? కావు. ఇంగ్లండులో ద్వారం మూసినది అధికార సంఘం. వెలుపల నిలిచినవారు అల్పసంఖ్యాకులు. సూరత్‌లో సంఘమే అల్పసంఖ్యాక సమాజం. తన బడులకు టీచర్లను తానే తయారు చేసుకోవడమే దాని అవసరం. రెండు చోట్లా న్యాయం బలహీనుని పక్షాన్నే నిలిచింది.

అందుచేత సూరత్ తీర్పును తలుపులు మూసుకొనే అధికారంగా చదువుకోవడం పొరపాటు. మత కారణంగా మాత్రమే ప్రవేశం నిరాకరించరాదని 29(2) అధికరణం ప్రభుత్వ సహాయం పొందే సంస్థలకు స్పష్టంగా చెబుతున్నది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ రెండు అధికరణాలను కలిపి చదివి, సహాయం పొందే అల్పసంఖ్యాక సంస్థ ఇతరులకు కూడ సమంజసమైన చోటు ఇవ్వాలని పేర్కొన్నది.

ముగింపు

దానియేలు, అతని స్నేహితులు రాజు ఖర్చుతో మూడేళ్ల శిక్షణ పొందారు. కల్దీయుల విద్య నేర్చుకున్నారు. రాజు భోజనం దగ్గర మాత్రం గీత గీశారు. వారు శిక్షణను కాదనలేదు, గీతను మరచిపోలేదు. ప్రభుత్వ ధనంతో నడిచే మన విద్యాసంస్థల పాలకవర్గాలు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రేపు గ్రాంటు ఆగితే మన పని ఎన్నాళ్లు నిలుస్తుంది? మన ద్వారం బయట ఈనాడు నిలిచి ఉన్నది ఎవరు? మొదటి ప్రశ్నను 1862 నేర్పింది. రెండవ ప్రశ్నను 1907 నేర్పింది. సూరత్ సంఘం తన హక్కును కోర్టులో గెలిచింది. ఆ హక్కుకు తగిన బాధ్యతను నెరవేర్చడం ఆ తరువాతి తరాల పని.