ఎమిల్ కోంబ్

ఎమిల్ కోంబ్ (1835–1921) ఫ్రెంచ్ వైద్యుడు, వామపక్ష రాజకీయవేత్త, 1902 నుంచి 1905 దాకా ప్రధానమంత్రి. రాజ్యం మీద చర్చి పట్టు వదిలించడానికి పంతంగా పోరాడిన ఈయన, చిన్నప్పుడు చదివింది మాత్రం మతగురువు కావడానికే.

తార్న్ ప్రాంతంలోని రోక్‌కూర్బ్‌లో ఓ దర్జీ ఇంట పుట్టాడు. థామస్ అక్వినాస్ తత్వంపై సిద్ధాంత గ్రంథం రాసి 1860లో డాక్టరేట్ పొందాడు. తర్వాత విశ్వాసం సడలింది. వైద్యం చదివి, పోన్స్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. 1876లో ఆ ఊరికి మేయరై నలభై ఏళ్లకు పైగా కొనసాగాడు, 1885లో సెనేటరయ్యాడు.

ప్రధానిగా వేలాది మత పాఠశాలలు మూయించాడు. 1904లో సన్యాస సంఘాలు బడులు నడపకుండా చట్టం తెచ్చి, వాటికన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకున్నాడు. కానీ అదే ఏడాది, సైనికాధికారుల్లో ఎవరు చర్చికి వెళ్తున్నారో యుద్ధ మంత్రిత్వ శాఖ రహస్యంగా ఆరా తీయించిన సంగతి బయటపడింది. మనస్సాక్షి స్వేచ్ఛ పేరు చెప్పుకున్న ప్రభుత్వానికి అది మాయని మచ్చ.

1905 జనవరిలో రాజీనామా చేశాడు. చర్చినీ రాజ్యాన్నీ వేరుచేసిన చట్టం ఆ డిసెంబరు 9న, ఆయన దిగిపోయాక వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 80 ఏళ్ల వయసులో మళ్లీ మంత్రయ్యాడు. 1921 మే 25న పోన్స్‌లోనే మరణించాడు.