రేడియోలో బడి: 1937 చికాగో కథ

కరోనా టైంలో ఫోన్ పట్టుకుని పాఠాలు విన్న బ్యాచ్ మనది. ఇంట్లో కూర్చుని చదువుకున్న మొదటి పిల్లలం మనమే అనుకుంటాం కదా? మనకంటే 83 ఏళ్ల ముందే అమెరికాలో ఈ పని జరిగింది. అదీ రేడియోలో!

1937 సెప్టెంబర్, చికాగో నగరం. పోలియో పాకింది. పిల్లల కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయే జబ్బు. సాల్క్ టీకా వచ్చింది 1955లో, అంటే అప్పటికి మందూ లేదు, టీకా లేదు. సెలవులయ్యాక తెరవాల్సిన బడులు తెరవలేదు. అక్కడి స్కూళ్ల పెద్ద అధికారి విలియం జాన్సన్ ఆధ్వర్యంలో ఒక ప్లాన్ వేశారు. ఆరు రేడియో స్టేషన్లు ఫ్రీగా టైం ఇచ్చాయి. ఒక్కో పాఠం 15 నిమిషాలు. సోమ, బుధ, శుక్రవారాల్లో సోషల్, సైన్స్. మంగళ, గురు, శనివారాల్లో ఇంగ్లిష్, లెక్కలు. ఏ పాఠం ఎన్నింటికి, ప్రశ్నలేంటి, హోంవర్క్ ఏంటి, అన్నీ పేపర్లో అచ్చయ్యేవి. వాళ్ల వాట్సాప్ గ్రూప్ అదే అన్నమాట.

తల్లిదండ్రుల కోసం ఫోన్ లైన్ కూడా పెట్టారు. 16 మంది టీచర్లు కూర్చుంటే మొదటిరోజే వెయ్యికి పైగా కాల్స్. ఇంకో ఐదుగురిని వేయాల్సొచ్చింది. మరి రేడియో పాఠమైతే చెప్తుంది గానీ, వినే పిల్లకి అర్థమైందో లేదో దానికేం తెలుసు? "కొంచెం ఆగండి సార్" అని అడగడానికి లేదు. సిగ్నల్ సరిగా రాని ఇళ్లున్నాయి, అసలు రేడియోనే లేని ఇళ్లూ ఉన్నాయి.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. ఈ రేడియో బడి మూడో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు వరకే. సుమారు 3 లక్షల 15 వేల మంది పిల్లలు. ఒకటి, రెండు క్లాసుల వాళ్లు ఇందులో లేరు. పేపర్ చూసి హోంవర్క్ చేయాలంటే ముందు చదవడం రావాలి కదా. అక్షరాలు నేర్చుకునే వయసులో పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని దిద్దించే మనిషి కావాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో గవర్నమెంట్ వాళ్ల పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో మొదలయ్యాయి. ఏ క్లాసు నుంచో తెలుసా? మూడో క్లాసు నుంచే. రేడియో పోయి టీవీ వచ్చినా, గీత మాత్రం అక్కడే పడింది.

తేడా కూడా ఉంది, అది చాలా పెద్దది. చికాగోలో రేడియో బడి మూడు వారాలు కూడా నడవలేదు, ఆలోపే స్కూళ్లు తెరిచేశారు. తెలంగాణలో 2020 మార్చిలో మూతపడ్డ ప్రైమరీ బడులు తెరుచుకుంది 2021 సెప్టెంబర్ 1న. 2020లో ఒకటో క్లాసులో పేరు రాయించిన పిల్ల, బళ్లో బెంచీ మీద కూర్చునేసరికి రెండో క్లాసుకొచ్చేసింది.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఆ బ్యాచ్ వాళ్లుంటే, ఆ ఏడాదిన్నర వాళ్లకి అక్షరాలు దిద్దించింది ఎవరో కామెంట్లో చెప్పండి.