గట్టు దాటే నీరు, గట్టు దాటని చట్టం

నిర్దిష్ట ప్రవాహమార్గం లేని భూగర్భజలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూయజమానిదేనని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తించింది. మోట బావుల కాలంలో ఆ సూత్రం పెద్ద చేటు చేయలేదు. ఎద్దుల సత్తువే తోడకానికి హద్దు.

1935లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు చార్లెస్ థీస్, ఘనపదార్థాల్లో వేడి ప్రసరించే తీరును వర్ణించే గణితాన్ని భూగర్భజలానికి అన్వయించాడు. ఎంత నీరు, ఎంతకాలం తోడారో, భూపొరల గుణమేమిటో తెలిస్తే, బావికి ఎంత దూరాన మట్టం ఎంత పడుతుందో లెక్కకట్టవచ్చునని నిరూపించాడు. బావి చుట్టూ గరాటులా ఏర్పడే ఆ పల్లం పొలం గట్టు దగ్గర ఆగదు. పక్క బావి గరాటుతో కలిస్తే రెండు తరుగులూ కూడుతాయి.

ఆ లెక్క రాజకీయాలకు ఎక్కలేదు. పంజాబ్ 1997లో, ఆంధ్రప్రదేశ్ 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చాయి. 2002-2008 మధ్య పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీలలో సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని ఉపగ్రహ కొలతల ఆధారంగా 2009లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. అదే ఏడాది పంజాబ్ వరి నాట్ల తేదీని చట్టంతో వెనక్కి జరిపింది. తోడుకునే హక్కు జోలికి మాత్రం పోలేదు.

లోతుగా బోరు వేయగల రైతుకే ఆ హక్కు దక్కుతోంది. బోరు ఎండిన చిన్న రైతుకు మిగిలేది ఉచిత విద్యుత్తు, ఊరని నీరు, తీరని అప్పు.