పాలు పడని బిడ్డలు

బిడ్డకు పాలు, పప్పు పెట్టుటయే వాత్సల్యమని మనము తలంతుము. మితిమీరిన యా పాలే మెదడును చెఱచు పుట్టువ్యాధి యొకటి కలదు. దాని పేరు ఫినైల్‌కీటోనూరియా. బుద్ధి వికసింపని తన యిద్దఱు బిడ్డల మూత్రమున వింతవాసన యేలయని నార్వే దేశమున నొక తల్లి వైద్యుల నడుగుచు తిరిగెను. 1934లో ఫోలింగ్ అను వైద్యుడు దానిలో ఫెరిక్ క్లోరైడు కలుపగా నది పచ్చనయ్యెను. మాంసకృత్తులలోని ఫినైల్‌అలనిన్ ఆ దేహమున మార్పు చెందక పేరుకొనునని పిదప తేలెను. ఆ తల్లి పట్టుదలయే యీ చరిత్రకు మూలమని నా తలంపు.

బర్మింగుహామున బికెల్ మున్నగువారు ఆ యంశమును తగ్గించిన యాహార మీయగా, నిలువలేని రెండేండ్ల బాలిక కుర్చీల నెక్కజొచ్చెనని 1953లో ప్రకటించిరి. పిమ్మట అమెరికాలో గత్రీ కనుగొనిన పరీక్షకు మడమనుండి తీసిన నెత్తుటిబొట్టు చాలును. మెదడు చెడకమునుపే వ్యాధి తెలియును.

అయితే తల్లి బడిదాక వెంట రాలేదుగదా! కావున బిడ్డకే చిఱుతిండ్ల నెఱుక నేర్పుదురు. గ్రుడ్డు, జున్ను, వేరుసెనగ ఎఱ్ఱగుర్తువి. తూచి తినవలసిన బంగాళాదుంప పసుపుది. ద్రాక్ష, ఆపిలు పచ్చవి. ఇంగ్లండున 1 గ్రాము మాంసకృత్తును ఒక పాలుగా లెక్కింతురు. మన సగ్గుబియ్యమును మంచిదే, పాలు పోయనిచో. తోటివాడు మిఠాయి చాచినప్పుడు "ఇందేమున్నది?" అని యడుగుట ఆ పిల్లల తొలిపాఠము, అక్షరములు తరువాత.