ఆ 29 సెకన్లు

ఫినిష్ లైన్ కళ్లెదుటే ఉంది. కాళ్లు మాత్రం మాట వినడం లేదు.

1982 ఫిబ్రవరి 6. హవాయి దీవుల్లోని కైలువా-కోనా అనే ఊరు. సముద్రం పక్కనే సాగే అలీయి డ్రైవ్ మీద చీకటి ముసురుకుంటోంది. రోడ్డుకు రెండు పక్కలా జనం. నడుమ, టీవీ కెమెరాల లైట్ల వెలుతురులో, టోపీ పెట్టుకున్న ఓ అమ్మాయి తూలుతూ వస్తోంది. పేరు జూలీ మాస్. వయసు 23. పొద్దున ఏడింటికి సముద్రంలో దిగింది. 3.8 కిలోమీటర్లు ఈది, గట్టెక్కగానే సైకిల్ అందుకుని 180 కిలోమీటర్లు తొక్కి, దాన్ని వదిలి 42 కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టింది. ఇక మిగిలింది వీధి చివరి కాస్త దూరమే. ఆడవాళ్లలో ఆమే అందరికన్నా ముందుంది.

మోకాళ్లు మడతపడ్డాయి. కూలబడింది. చేతులు ఊని లేచింది. నాలుగడుగులు వేసి మళ్లీ పడింది. ఆదుకోబోయిన వాళ్లను దగ్గరకు రానివ్వలేదు. ఒక్కరు చెయ్యి అందించినా పోటీలోంచి తప్పించేస్తారు. పొద్దుట్నుంచీ పడ్డ పాట్లన్నీ నీళ్లపాలే.

ఇంతకీ ఈ పిల్ల ఇక్కడికెందుకు వచ్చినట్టు? కప్పు కోసం కాదు, డిగ్రీ కోసం. జూలీ కాలిఫోర్నియాలోని కాల్ పాలీలో చదువుతోంది. కసరత్తు చేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందన్నది ఆమె చదువు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఈ పోటీనే అంశంగా ఎంచుకుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర అడుగంటితే మనిషి ఏమవుతాడో పుస్తకాల్లో ఉంటుంది. ఆ సాయంత్రం ఆ పాఠమంతా ఆమె కాళ్లలోనే నడిచింది.

అసలు ఈ ఆట పుట్టిందే సరదాకి. 1974 సెప్టెంబర్ 25న శాన్ డియేగోలోని మిషన్ బే దగ్గర జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహన్ అనే ఇద్దరు పరుగు మిత్రులు పరుగు, సైకిల్, ఈత కలిపి ఓ పోటీ పెట్టారు. వచ్చింది 46 మంది. ఆఫీసులు వదిలాక సాయంత్రం మొదలుపెట్టారు కాబట్టి, వెనకబడ్డవాళ్లు ఈదుతుండగానే చీకటి పడింది. ఒడ్డున కార్ల హెడ్‌లైట్లు వేసి దారి చూపాల్సి వచ్చింది.

ఆ 46 మందిలో ఒకరు నేవీ అధికారి జాన్ కాలిన్స్. తర్వాత ఆయనకు హవాయి బదిలీ అయింది. 1977లో అక్కడో పరుగు పోటీ బహుమతుల విందులో పాత వాదన రేగింది. ఒంటి దారుఢ్యం ఎవరిది ఎక్కువ? ఈతగాళ్లదా, పరుగువీరులదా, సైకిల్ తొక్కేవాళ్లదా? కాలిన్స్, ఆయన భార్య జూడీ ఓ చిట్కా కనిపెట్టారు. ఒవాహు దీవిలో అప్పటికే ఉన్న మూడు పోటీల దూరాల్ని ఒకటి తర్వాత ఒకటి పెట్టి, ఒకే రోజున అన్నీ ముగించాలన్నారు. ముందొచ్చినవాణ్ణి 'ఐరన్ మ్యాన్' అందామన్నారు.

1978 ఫిబ్రవరి 18న 15 మంది బరిలో దిగారు. 12 మంది చివరిదాకా వచ్చారు. అప్పట్లో ఎవరి తిండి, నీళ్లు వాళ్లవే. మారథాన్ మొదట్లో ముందున్న జాన్ డన్‌బార్‌కు మధ్యలో నీళ్లు నిండుకున్నాయి. వెంట వచ్చినవాళ్లు బీరు అందించారు. అతను రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. టాక్సీ నడిపే గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. మరుసటి ఏడు లిన్ లెమేర్ అనే మహిళ పాల్గొని, మగాళ్లతో కలిపి ఐదో స్థానంలో నిలిచింది. 1980లో ఏబీసీ టీవీ కెమెరాలు వచ్చాయి. 1981లో నిర్వాహకురాలు వాలెరీ సిల్క్ పోటీని కోనాకు, నల్లటి లావా రాళ్ల మధ్యకు మార్చారు.

ఆ దారినే వచ్చిన జూలీ ఇప్పుడు అలీయి డ్రైవ్ మీద కూలబడి ఉంది. ఒంటి మీద అదుపు తప్పింది, బట్టలు పాడయ్యాయి. అంతమంది చూస్తున్నారన్న సిగ్గు కూడా కాసేపటికి పోయింది. లేచింది. మళ్లీ పడింది. గీత ఇక కొన్ని గజాలే.

సరిగ్గా అప్పుడే గుంపు పక్కనుంచి ఓ నీడ ముందుకు సాగిపోయింది. కాథ్లీన్ మెకార్ట్‌నీ, కాలిఫోర్నియాకే చెందిన 22 ఏళ్ల అమ్మాయి. పడున్న జూలీని ఆమె గమనించలేదు. రెండో స్థానంలో వస్తున్నాననే అనుకుంటోంది. గీత దాటాక గానీ తెలియలేదు, గెలిచింది తానేనని.

జూలీ ఇక లేవలేదు. పాకింది. చేతులు ముందుకు చాపి, మోకాళ్లీడ్చుకుంటూ గీత దగ్గరకు చేరింది. చెయ్యి గీత దాటింది. మొత్తం 29 సెకన్ల తేడా.

రెండు వారాల తర్వాత అమెరికా ఇళ్లలో ఆ దృశ్యం ఆడింది. అది చూసిన కుర్రాళ్లలో మార్క్ అలెన్ ఒకడు. ఆ అక్టోబర్‌లోనే మళ్లీ జరిగిన పోటీకి వెళ్లాడు. సైకిల్ గేర్ పాడై మధ్యలోనే ఆగాడు. ఓడి ఓడి చివరికి 1989లో, అప్పటికి ఆరుసార్లు గెలిచిన డేవ్ స్కాట్‌ను 58 సెకన్ల తేడాతో దాటాడు. మొత్తం ఆరుసార్లు విజేత అయ్యాడు. తొలి గెలుపు సాధించిన ఏడాదే జూలీని పెళ్లాడాడు. తర్వాత దారులు వేరయ్యాయి.

నలభై ఏళ్లు దాటినా పాత అభిమానులు ఆ టేపు మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తారు. ఆనాటి ఆట మీద వాళ్ల బెంగ అంతా అందులోనే ఉంటుంది: పత్తి బనియన్లు, మామూలు సైకిళ్లు, ఏం తినాలో ఎవరికీ సరిగ్గా తెలియని రోజులు. కానీ ఆ పూట గెలిచిందెవరని అడిగితే కాసేపు తడుముకుంటారు. కాథ్లీన్ చేసిన తప్పేమీ లేదు. ఆమె పరుగెత్తింది, గెలిచింది. కెమెరా మాత్రం నేల మీదే నిలిచిపోయింది.

తొలి పోటీ రోజున కాలిన్స్ పంచిన నిబంధనల కాగితంలో ఓ మాట ఉంది: ఈ మూడూ పూర్తిచేస్తే బతికినన్నాళ్లూ గొప్పలు చెప్పుకోవచ్చని. ఎన్నో స్థానంలో రావాలో అందులో లేదు.

ఫలితాల పట్టికలో ఉన్నవి రెండు అంకెలే: మెకార్ట్‌నీ 11:09:40, మాస్ 11:10:09. ఎన్నిసార్లు పడిందో రాయడానికి అందులో గడి లేదు.