నొప్పి రాకముందే

మంచం పట్టిన మనిషి ఇంట్లో ఉంటే ఆ ఇంటి ఆడవాళ్లకు రాత్రీ పగలూ ఒకటే. ఈ సంగతి మనకెవరూ చెప్పనక్కర్లేదు. మా పెద్దత్తగారు క్యాన్సరుతో తీసుకున్న ఆఖరి నెలల్లో, నొప్పిమందు మరీ తట్టుకోలేనప్పుడే వెయ్యమన్నారు. పాపం, ఆవిడ పళ్లబిగువున ఓర్చుకునేవారు. ఇక ఓర్చలేక కేక వేస్తే అప్పుడు మందు. అది పనిచేసేదాకా మళ్లీ ఏడుపే. ఈ పద్ధతి తప్పని ఇంగ్లండులో ఒకావిడ ఎప్పుడో తేల్చి చెప్పిందని అప్పట్లో మాకు తెలియదు. ఈవేళ ఆవిడ కథే చెప్పుకుందాం.

పేరు సిసిలీ సాండర్స్. 1918లో కలిగినవారింట పుట్టింది. యుద్ధం రోజుల్లో ఆక్స్‌ఫర్డు చదువు ఆపి నర్సు పని నేర్చుకుంది. నడుంనొప్పి వల్ల ఆ పని సాగలేదు. అప్పుడు ఆసుపత్రిలోనే రోగుల ఇంటి కష్టసుఖాలు విచారించే ఉద్యోగంలో చేరింది. అంతవరకు దేవుడంటే పెద్ద నమ్మకం లేని మనిషి, 1945లో క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చింది.

1947లో డేవిడ్ టాస్మా అనే రోగి పరిచయమయ్యాడు. పోలండు నుంచి వచ్చిన యూదుడు, హోటల్లో వడ్డించే పని. నలభై ఏళ్లకే క్యాన్సరు. దగ్గర కూర్చోడానికి నా అన్నవాళ్లు లేరు. ఈవిడ వెళ్లి కూర్చునేది. అతని లాంటివాళ్లు ప్రశాంతంగా కన్నుమూయడానికి ఒక ఇల్లుంటే ఎంత బాగుండునని ఇద్దరూ మాట్లాడుకునేవారు. పోతూ పోతూ అతను 500 పౌన్లు ఆవిడ పేర రాసి, ఆ ఇంటికి తానొక కిటికీనవుతానన్నాడట. ఇల్లు లేదు, స్థలం లేదు, ముందు కిటికీ వచ్చింది!

తరవాత సెయింట్ లూక్స్ అనే చిన్న ఆసుపత్రిలో సాయంత్రాలు ఊరికే సేవ చెయ్యడానికి వెళ్లింది. అక్కడ నర్సులు రోగి అరిచేదాకా ఆగరు. గడియారం చూసి, మునుపటి మందు బలం తగ్గకముందే మళ్లీ మార్ఫిన్ తాగించేవారు. మందు కోసం బతిమాలుకోవలసిన అవసరమే లేదు. అదీ కిటుకు! అయితే నర్సు చెబితే డాక్టర్లు వింటారా? ఒక సర్జన్ ఆవిడతో నువ్వే డాక్టరువు కమ్మన్నాడు. ముప్పై దాటాక వైద్యం చదవడం మొదలుపెట్టి 1957లో డాక్టరయింది. ఆపైన హాక్నీలో ఐరిష్ సన్యాసినులు నడిపే సెయింట్ జోసెఫ్స్‌లో ఆ పద్ధతి పెట్టి, వెయ్యిమందికి పైగా రోగుల వివరాలు రాసిపెట్టింది. ఆ సిస్టర్లకు ప్రేమ ఉంది, ఓపిక ఉంది. ఈవిడ దానికి లెక్క జోడించింది.

ఒకామెను నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే, వీపు దగ్గర మొదలుపెట్టి, తన కోసం భర్తా కొడుకూ పని మానుకుంటే జీతం పోతుందనీ, తన బాధ ఎవరికీ అర్థం కాదనీ చెప్పుకొచ్చింది. వీపునొప్పి, జీతం బెంగ, ఒంటరితనం, దేవుడి మీద సందేహం అన్నీ కలిసి ఒకే నొప్పి అని సాండర్స్ గ్రహించింది. దానికి 'సంపూర్ణ వేదన' అని పేరుపెట్టింది.

1967లో లండన్ సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచింది. కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి 19 ఏళ్లు పట్టింది. లోపల ప్రార్థన మందిరం ఉంది, ఏ మతంవాళ్లనైనా చేర్చుకుంటారు, ప్రార్థనకు రమ్మని బలవంతం లేదు. ఆ కిటికీ ఇచ్చినవాడు యూదుడే కదా! 1969 నుంచి నర్సులు ఇళ్లకు కూడా వెళ్లేవారు. మనిషి పోయాక మిగిలినవాళ్ల దుఃఖం కూడా కనిపెట్టి చూసేవారు.

మన దేశంలో ఇలాంటి మొదటి ఇల్లు 1986లో బొంబాయి బాంద్రాలో వెలిసింది, శాంతి ఆవేదన పేరుతో. కాని 1985 మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడమే గగనమైపోయింది. 2014లో సవరించేదాకా ఎంతమంది పళ్లబిగువున పోయారో! ఇప్పుడు హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ నొప్పి తగ్గించే విభాగం ఉంది.

ఇంకొక్క ముక్క. సెయింట్ క్రిస్టఫర్స్‌లో తొలి రోజుల్లో సోమవారాలు చుట్టాలను రానిచ్చేవారు కాదు. కాఠిన్యం కాదండీ! రాకపోతే ఏమనుకుంటారో అన్న బాధ లేకుండా ఇంటివాళ్లు ఆ ఒక్కరోజు విశ్రాంతి తీసుకుంటారని. పెద్దత్తగారికి చాకిరీ అంతా చేసిన మా తోడికోడలికి ఈమధ్య ఈ మాట చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అలాంటి సోమవారం ఒక్కటిస్తే ఆ ఆర్నెల్లలో ఒక రాత్రయినా నిద్రపోయేదాన్ని అక్కా" అంది.