ముద్ద వద్దంది బిడ్డ, నింద పడింది తల్లి

బిడ్డ కూరముద్ద నోట్లో పెట్టనివ్వకపోతే మన ఇళ్ళల్లో అందరూ నిలదీసేది తల్లినే. "అలవాటు చెయ్యడం నీకు చేతకాలేదు" అన్న మాట పడని తల్లి అరుదు. ఈ నింద ఎక్కడిదో తెలుసుకుందామని పిల్లల తిండి గురించి డాక్టర్లు రాసిన పాత పుస్తకాలు, వ్యాసాలు చదివాను.

1894లో అమెరికన్ వైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ తల్లులకీ ఆయాలకీ ఒక పుస్తకం రాశాడు. ఏ వేళకి, ఏది, ఎంత పెట్టాలో డాక్టరు చెప్తాడు, తల్లి పాటించాలి. బిడ్డ ఆకలికంటే గడియారానికే పెద్దపీట. తరతరాలుగా బిడ్డల్ని పెంచిన ఆడవాళ్ళ అనుభవం దాని ముందు అజ్ఞానమైపోయింది.

దీన్ని ప్రశ్నించింది క్లారా డేవిస్ అనే డాక్టరు. 1926లో మొదలుపెట్టి, తర్వాత చికాగోలో కొనసాగించిన ప్రయోగంలో, పాలు తప్ప మరో రుచి ఎరగని 15 మంది నెలల పిల్లల ముందు రకరకాల పదార్థాలు ఉంచింది. జాబితాలో మొత్తం 34. మాంసం, కాలేయం, చేప, గుడ్లు, పళ్ళు, కూరగాయలు, ధాన్యాలు ఉన్నాయి. పంచదార లేదు. నర్సు చెంచా పట్టుకుని కూర్చోవాలి. బిడ్డ చెయ్యి చూపించినదే అందించాలి. బతిమాలకూడదు, మెచ్చుకోకూడదు, మొహం చిట్లించకూడదు. ఏ ఇద్దరూ ఒకేలా తినలేదు, కానీ పిల్లలంతా ఆరోగ్యంగా పెరిగారు. లెట్యూస్ ఆకుని ఇద్దరు, పాలకూరని ఒకరు ముట్టలేదు. మిగతావన్నీ అందరూ రుచి చూశారు.

"పిల్లలకి అన్నీ తెలుసు" అని దీన్ని చెప్పుకుంటారు. 1939లో డేవిస్ మాత్రం కిటుకంతా ఆ జాబితాలోనే ఉందని స్పష్టంగా రాసింది. పళ్ళెంలో ఏముండాలో పెద్దవాళ్ళు నిర్ణయించాలి, అందులో ఏది, ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోవాలి.

1982లో లియాన్ బర్చ్, ఆమె సహచరురాలు రెండేళ్ళ పిల్లలకి కొత్త రుచుల్ని కొన్నిటిని 20 సార్ల దాకా ఇచ్చి చూశారు. ఎన్నిసార్లు ఎక్కువ రుచి చూస్తే అంత ఇష్టం పెరిగింది. కాబట్టి ఈరోజు బీరకాయ వద్దన్న బిడ్డ మొండి కాదు, ఆ రుచికి ఇంకా కొత్త. పప్పన్నం పక్కన చిన్న ముక్క పెట్టి ఊరుకోవచ్చు. తింటే చాక్లెట్ ఇస్తానని ఆశపెట్టనక్కర్లేదు.

అయితే ఇన్నిసార్లు వండేదెవరు? వద్దన్నది పారెయ్యలేక తనే తినేదెవరు? డేవిస్ దగ్గర జీతానికి నర్సులున్నారు. ఆ బిడ్డలేమో పోషించే స్తోమత లేని తల్లుల బిడ్డలు. ఆ తల్లుల సంగతి మనకి దాదాపు ఏమీ తెలియదు. 2016లో అమెరికన్ సామాజికవేత్త కైట్లిన్ డేనియల్ రాసిన వ్యాసం ఇక్కడే పనికొస్తుంది. డబ్బుకి ఇబ్బందిపడే తల్లిదండ్రులు, తిండి వృధా అవుతుందన్న భయంతో, బిడ్డ తప్పకుండా తినేదే కొంటారని ఆమె చూపించింది. ఓపికకి కూడా ఖరీదుందన్నమాట.

బిడ్డకి అన్ని రుచులూ అలవాటు కావాలని కోరుకునే తండ్రి, తాత, అత్తగారు ముందు ఆ బిడ్డ పక్కన కూర్చుని అదే కూర తినాలి. రేపు మళ్ళీ దాన్ని వండే వంతు వాళ్ళు తీసుకోవాలి. అంతవరకూ తల్లిని నిలదీసే హక్కు వాళ్ళకి లేదు.